నెట్టడానికి వీలైన బండి

పశువుల కాంపౌండరు జక్రయ్య మోటారు సైకిలు కొనబోతున్నాడన్న మాట పొక్కిన తరవాత అద్దంకిలో సలహా ఇవ్వని మనిషి లేడు. పోస్టాఫీసు గుమస్తా స్కూటరు కొనమన్నాడు, ఆడవాళ్ళు కూచోడానికి వీలుగా ఉంటుందని. మిరపకాయల కమీషను కొట్టు ఆసామి బుల్లెట్టు తప్ప మగాడికి ఇంకో బండి లేదన్నాడు. ఆ పొట్టతో ఆయన సైకిలైనా ఎక్కి ఎరగడు. జపాను వాళ్ళ బళ్ళు దిగుతున్నాయనీ, చుక్క పెట్రోలు తాగి ఒంగోలు దాకా పోతాయనీ, కాస్త ఓపిక పట్టమనీ ఒక మేష్టారు చెప్పాడు. వీళ్ళందరూ బండి అంటే ఎక్కి తిరిగే వస్తువనే అనుకున్నారు. జక్రయ్య మామ సంజీవరావు ఒక్కడే వేరే మాట అన్నాడు.

"ఏ బండన్నా కొనుక్కో అల్లుడూ. బరువు మాత్రం తక్కువుండేట్టు చూసుకో. నెట్టుకుంటా పోవాలి గదా."

ఆయన ఆ మాట వెటకారానికి అనలేదు. ఎండలో పోతున్నవాడికి గొడుగు తీసుకుపొమ్మని చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఆ మామూలుతనమే జక్రయ్య కడుపులో మంట పెట్టింది.

మోటారు సైకిలు కొనేవాడికి నెట్టడంతో పనేమిటని అనుమానం రావచ్చు. చింతగుంటపాలెం తెలియనివాళ్ళకే వస్తుంది ఆ అనుమానం. వాగు ఒడ్డున మెరక మీద ఉన్న ఊరది. అద్దంకి నుంచి వచ్చే రోడ్డు వాగు మీద చప్టా దాటి, ఏటవాలుగా పైకెక్కి, రైతుల డాబాల మధ్యగా, బొడ్డురాయి పక్కగా సాగి, సొసైటీ గోదాము దగ్గర ఆగిపోతుంది. దాన్ని పెద్దబజారంటారు. గోదాము దాటితే క్రైస్తవుల పల్లె, పల్లె చివర చిన్న చర్చి. పల్లెవాడెవడైనా సరే చప్టా దగ్గర సైకిలు దిగాలి, గోదాము దాటినాక ఎక్కాలి. పల్లె నుంచి బయటికి పోయేటప్పుడు గోదాము దగ్గర దిగి చప్టా దగ్గర ఎక్కాలి. వెనకటి రోజుల్లో చెప్పులు కూడా చేత పట్టుకునేవాళ్ళు. ఇప్పుడు చెప్పుల సంగతి రైతులు చూసీ చూడనట్టు ఊరుకుంటున్నారు. అందుకు వాళ్ళను మంచివాళ్ళని మెచ్చుకునే జనం కూడా ఉన్నారు.

ఈ కట్టుబాటు ఎక్కడా రాసిలేదు. దండోరా వేసి ఎవరూ చాటలేదు. అడిగి చూడండి, మా ఊళ్ళో అలాంటివి లేవండీ అంటారు. సైకిలెక్కి బజారు దాటినవాణ్ణి ఎవరూ కొట్టరు, తిట్టనన్నా తిట్టరు. ఆ సాయంత్రం వాడి ఇంటి ఆడవాళ్ళకు మిరపకోతకు పిలుపు రాదు. మర్నాడూ రాదు. పొయ్యి వెలగని ఇంట్లోంచి వాడే నడుచుకుంటూ వచ్చి బొడ్డురాయి దగ్గర తలొంచుకుని నిలబడతాడు. రైతులు వాణ్ణి క్షమిస్తారు. దొరతనమంటే ఇంత తేలిగ్గా, ఇంత శబ్దం లేకుండా నడిచిపోతుంది.

జక్రయ్య ఆ ఊరివాడు కాడు. పర్చూరు దగ్గర పొగాకు ఆరబెట్టే బ్యారన్లలో పొయ్యి ఎగేసే తండ్రికి పుట్టి, మిషను హాస్టల్లో చదువుకుని, పశువైద్యం ట్రెయినింగు పూర్తిచేసి, ఊరూరా తిరిగే ఉద్యోగంలో చేరాడు. కానీ చింతగుంటపాలెం ఆయన తల్లి పుట్టిన ఊరు. సంజీవరావు ఆయనకు మేనమామ, పిల్లనిచ్చిన మామ, ఆ పల్లె చర్చికి సంఘపెద్ద. ప్రభుత్వ జీతం తీసుకునేవాడి పొయ్యిని రైతులు ఆర్పలేరు. మామ పొయ్యిని ఆర్పగలరు, ఆ పల్లెలో ప్రతి పొయ్యినీ ఆర్పగలరు. అందుకని ఉద్యోగంలో చేరిన నాటినుంచీ జక్రయ్య చప్టా దగ్గర సైకిలు దిగుతూనే ఉన్నాడు. మందుల పెట్టె, ఐసు ఫ్లాస్కు క్యారియరుకు కట్టుకుని ఏటవాలు మీద సైకిలు నెట్టుకుంటూ, రైతుల గేదెలకు వైద్యం చెయ్యడానికి రైతుల బజారులో నడిచిపోతూనే ఉన్నాడు.

మనిషి నెమ్మదస్తుడు. గేదె తన్నినా కోప్పడడు, దాని చెవి వెనక గోకుతూ నిలబడతాడు. అడ్డం తిరిగిన దూడను లోపలే సరిచేసి బయటికి తియ్యడంలో ఆయన చెయ్యి మంచిదని చుట్టుపక్కల ఊళ్ళలో పేరుంది. అన్నం దగ్గర మాత్రం ఎడమచేత్తో చెంచా పట్టుకుని తింటాడు, కుడిచెయ్యి ఎన్ని సబ్బులు పెట్టి కడిగినా తన ముక్కుకు ఇంకా కొట్టం వాసనే వస్తుందని. భార్య జయకుమారి మిషను బడిలో టీచరు. ఇంట్లో కోపమంతా ఆమె వాటా, ఓపికంతా ఆయన వాటా అని ఇరుగుపొరుగు నవ్వుకునేవాళ్ళు.

ఆ ఓపిక తెగింది ఒక ముసురురోజున. చింతగుంటపాలెం మోతుబరి బుల్లయ్య ముర్రా గేదె నొప్పులు పడుతోందని, దూడ కాళ్ళు రావడం లేదని కబురొచ్చింది. జక్రయ్య సైకిలెక్కి బయలుదేరాడు. నల్లరేగడి తడిస్తే ఎలా ఉంటుందో ఆ నేల మీద తిరిగినవాళ్ళకే తెలుసు. చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య మట్టి సిమెంటులా బిగుసుకుంటుంది. పుల్లతో గీక్కుంటూ, కాసేపు తొక్కుతూ, కాసేపు సైకిలును భుజానేసుకుని చప్టా దాకా వచ్చాడు. అక్కడినుంచి తారు రోడ్డు. ఎక్కి తొక్కితే బుల్లయ్య గుమ్మం ముందు దిగొచ్చు. అయినా చప్టా దగ్గరే దిగి, వానలో, జారే ఏటవాలు మీద, పెట్టె తడవకుండా పైన గోనె కప్పి, నెట్టుకుంటూ వెళ్ళాడు. బొడ్డురాయి పక్క అరుగు మీద చుట్టలు కాలుస్తున్నవాళ్ళు ఆయన్ను చూశారు. బుల్లయ్య గేదె చస్తోందని వాళ్ళకూ తెలుసు. ఒక్కడు కూడా ఎక్కి పోవయ్యా అనలేదు.

దూడ లోపలే చచ్చిపోయింది. భుజం దాకా చెయ్యి పెట్టి, ముక్కుతూ మూలుగుతూ దాన్ని బయటికి లాగి, గేదెను మాత్రం దక్కించాడు. బుల్లయ్య తల్లి సుబ్బరావమ్మ చెంబు ఎత్తిపట్టి, తాకకుండా నీళ్ళు పోస్తుంటే చేతులు కడుక్కుంటున్నాడు. అప్పుడు బుల్లయ్య అన్నాడు.

"ఇంత తీరిగ్గా నడిచొస్తే దూడ బతుకుద్దంట్రా జక్రయ్యా?"

జక్రయ్య తలెత్తి చూశాడు. బుల్లయ్య మొహంలో వెటకారం లేదు. నిజంగానే కోపంగా ఉన్నాడు, నష్టపోయినవాడి కోపం. జక్రయ్య నడిచొచ్చింది ఎవరి కోసమో ఆయనకు తట్టనే లేదు. గాలికీ వానకూ కారణం అడగనట్టే ఆ నడకకూ ఆయన కారణం వెతుక్కోలేదు. పైగా గేదె లేచి నిలబడ్డాక కాస్త చల్లబడి మంచి సలహా కూడా ఇచ్చాడు. ఈ సైకిలు కట్టిపెట్టి బండి కొనుక్కోమన్నాడు. పెద్ద బళ్ళ జోలికి పోవద్దనీ, తేలిగ్గా ఉండే మోపెడ్ ఏదైనా చూసుకోమనీ అన్నాడు. "మా బజారు ఎక్కేటప్పుడు నీకే సుఖం," అని ముగించాడు.

దూడ చావుకు కారణమైన కట్టుబాటును తన చేత్తోనే కాపాడుకుంటూ, ఆ కట్టుబాటుకు అనువైన బండిని బాధితుడికి తనే సిఫారసు చేస్తున్నాడు! మామ చెప్పిందీ అదే బండి, బుల్లయ్య చెప్పిందీ అదే. ఒకరు భయంతో, ఇంకొకరు అలవాటైన పెత్తనంతో. ఇంటికి తిరిగివస్తున్నంతసేపూ జక్రయ్యకు పళ్ళు నూరుకోవడంతోనే సరిపోయింది.

బండి కొనడానికి శాఖవాళ్ళు అడ్వాన్సు మంజూరు చేశాక, అద్దంకి బస్టాండు వెనక గౌస్ బాషా మెకానిక్ షెడ్డుకు వెళ్ళి కూచున్నాడు. గౌస్ బాషా బళ్ళ గురించి మాట్లాడుతుంటే పెళ్ళి సంబంధాలు చూసే పేరయ్య గుర్తొస్తాడు. ఏ బండికైనా గుణాలు చెప్పి, గొంతు తగ్గించి దోషం కూడా చెబుతాడు. జక్రయ్య తన అవసరం చెప్పాడు. తారు రోడ్డు కొంత, కంకర కొంత, మిగతాదంతా రేగడి డొంక. వాగు పొంగితే చప్టా మీద మోకాలి లోతు నీళ్ళు. వెనక మందుల పెట్టె, ఐసు ఫ్లాస్కు. ఐసు కరిగిపోయేలోగా చేరాలి, ఫ్లాస్కు కుదుపులకు పగలకూడదు. ఆదివారం భార్య వెనక కూచోవాలి.

గౌస్ బాషా ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చాడు. చిన్న చక్రాల స్కూటరు బజారులో పెళ్ళికొడుకులా ఉంటుంది గానీ డొంకలో దిగబడితే ఎద్దులు కట్టి లాగాలి. మోపెడ్ మీద ఇంత బరువేసుకుని ఏటవాలు ఎక్కాలంటే కాళ్ళతో తొక్కాలి, అప్పుడది సైకిలుకు తమ్ముడే. బుల్లెట్టు మహారాజే, కానీ బురదలో పడితే ఒక్కడే లేపలేడు. మధ్యరకం బండి కావాలి. నేల నుంచి ఎత్తుగా ఉండాలి, చక్రాలు పెద్దవై ఉండాలి, ఇంజను తక్కువ వేగంలో కూడా గట్టిగా లాగాలి, పల్లెటూళ్ళో ఆగిపోతే స్పానరు ఒకటీ ప్లగ్గు ఒకటీ ఉంటే బాగుపడాలి. రెండువందల యాభై సీసీ బండి, రెండు సైలెన్సర్లది, ఒంగోలులో ఒక రోడ్డు కాంట్రాక్టరు అమ్మకానికి పెట్టినది తన ఎరుకలో ఉందన్నాడు.

జక్రయ్య నోట్లోంచి ఆ ప్రశ్న దానంతటదే వచ్చింది. "అది నెట్టడానికి వీలవుద్దా బాషా?"

గౌస్ బాషా చేతిలో స్పానరు ఆగిపోయింది. "నా షెడ్డుకొచ్చి ఎంత స్పీడు పోద్దని అడుగుతారు, ఎంత పెట్రోలు తాగుద్దని అడుగుతారు. నెట్టుకోవడానికి బండి కొనే మనిషిని మిమ్మల్నే చూస్తున్నా కాంపౌండర్ గారూ," అన్నాడు. అంతలోనే ఆయనకు విషయం వెలిగింది. నవ్వు ఆపేసి, నూనెగుడ్డతో చేతులు తుడుచుకుంటూ మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ తిప్పుకోవడం జక్రయ్యకు నవ్వు కంటే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ సాయంత్రం జయకుమారికి అన్ని బళ్ళ సంగతీ చెప్పాడు. మోపెడ్ దగ్గరికి వచ్చేసరికి నసిగాడు. ఆమె బియ్యం చెరుగుతోంది. చాట ఆపలేదు. ఏడో తరగతి చదవడానికి తను రోజూ అదే బజారులో చెప్పులు పుస్తకాల సంచిలో పెట్టుకుని నడిచిందనీ, చెప్పుల బురద అంటి పుస్తకం పాడైందని పంతులు తననే కొట్టాడనీ ఎప్పుడూ చెప్పని సంగతి అప్పుడు చెప్పింది.

"బండిని రోడ్డు చూసి కొంటారా, బొడ్డురాయి కాడ కూచున్నోళ్ళ మొహాలు చూసి కొంటారా?" అని అడిగింది. "మొహాలు చూసి కొనేట్టయితే ఆ డబ్బుతో గేదెను కొనండి. పాలన్నా తాగుదాం."

జక్రయ్య పెద్దబండే కొన్నాడు. గౌస్ బాషా దానికి ముందు మడ్‌గార్డు ఎత్తి బిగించాడు, మట్టి ఇరుక్కోకుండా. ఇంజను కింద రాయి తగలకుండా రేకు వేశాడు. వెనక చక్రానికి లోతైన గాడులున్న టైరు తొడిగాడు. ఫ్లాస్కు కోసం సైకిలు ట్యూబు ముక్కలతో ఊయల లాంటి క్యారియరు కట్టాడు. మొదటి వారంలోనే మిగతా ఊళ్ళ వాళ్ళందరూ ఆ బండి చప్పుడును గుర్తుపట్టడం నేర్చుకున్నారు. డొంకల్లో అది దున్నపోతులా అడుగులేసుకుంటూ పోయింది. ఐసు కరగకముందే చేరుతున్నాడు. ఫ్లాస్కులో తెచ్చిన వీర్యంతో కట్టించిన గేదెలు చూలు నిలుస్తున్నాయి.

చింతగుంటపాలెం నుంచి పిలుపు వచ్చినరోజు ఆయన దారి పొడుగునా మనసులో ఒకటే అనుకుంటూ వెళ్ళాడు: ఎక్కే పోతాను. చప్టా దాటాడు. దాటగానే, తను చెప్పకుండానే, ఎడమకాలు నేల మీద ఆనింది. చెయ్యి ఇంజను ఆపేసింది. ఇన్నేళ్ళ అలవాటు, మనసుతో పనిలేకుండా ఒళ్ళు దిగిపోయింది. దిగాక మళ్ళీ ఎక్కడానికి ధైర్యం చాలలేదు. నెట్టాడు. ఆ బండి నెట్టడానికి పుట్టింది కాదు. పెట్టె, ఫ్లాస్కు బరువుతో ఏటవాలు మీద నాలుగడుగులు పైకి, రెండడుగులు వెనక్కి. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది. పైన అరుగు మీద నవ్వులు మొదలయ్యాయి. "బండి వీణ్ణి మోస్తదనుకున్నాం, వీడే బండిని మోసుకొస్తున్నాడు," అన్నారెవరో. బుల్లయ్య కూడా నవ్వాడు. చెప్పానా వద్దని, అన్నట్టు తలాడించాడు.

ఆ రోజు జక్రయ్యకు వాళ్ళ మీద కంటే తన కాలి మీద ఎక్కువ కోపం వచ్చింది. బయటివాడు పెట్టిన సంకెల విప్పుకోవచ్చు. తన కాలే తనకు సంకెల వేస్తుంటే ఎవణ్ణి తిట్టాలి?

తరవాతి ఆదివారం ప్రార్థన అయ్యాక పల్లె చర్చిలోనే అందరి ముందూ విషయం పెట్టాడు. ఇక మీద ఈ ఊరి బజారులో నడిచి రానన్నాడు. ఎక్కి వస్తే కూలి ఆగేది మీకు కాబట్టి, మీరు వద్దంటే అసలు ఈ ఊరికే రానన్నాడు. సంజీవరావు గడ్డం నిమురుకుంటూ, కాలమే అన్నీ మారుస్తుందనీ, ఓర్చుకున్నవాడికి దేవుడు తోడుంటాడనీ చెప్పబోయాడు. కొండమ్మ అనే మిరపకోత మేస్త్రీ ఆయన్ను పూర్తిచెయ్యనివ్వలేదు. ముప్పైమంది ఆడవాళ్ళను వరసలో పెట్టి పనిచేయించే గొంతు ఆమెది.

"చెట్టు మీద కాయ పండి ఉంది పెద్దయ్యా. ఇప్పుడు కూలి ఆపితే ఎవరు కోస్తారంట, సుబ్బరావమ్మగారు కోస్తదా? ఆపమను చూద్దాం."

జనం నవ్వారు. సంజీవరావు నవ్వలేదు, కానీ కాదనలేదు.

అయినా పల్లెవాళ్ళ కూలిని వెంటనే పణంగా పెట్టడం ఇష్టంలేక, జక్రయ్య మర్నాడు చింతగుంటపాలెం రైతులకు కబురు చేశాడు. ఊళ్ళు తిరగడం తన ఉద్యోగమే గానీ, పిలిచిన ప్రతి ఇంటికీ రావడం తన మంచితనమే తప్ప రూలు కాదన్నాడు. వైద్యం కావలసిన పశువులను అద్దంకి కేంద్రానికి తోలుకురమ్మన్నాడు. తెచ్చిన ప్రతి పశువునూ శ్రద్ధగా చూశాడు, ఒక్కదాన్నీ తిప్పి పంపలేదు. కానీ ఎదకొచ్చిన గేదెను ఎండలో అన్ని మైళ్ళు నడిపిస్తే అది చేరేసరికి రొప్పుతూ కూలబడేది. దాని వెనకే నడిచొచ్చిన ఆసాములు కూడా అంతకంటే మెరుగ్గా ఏమీ ఉండేవాళ్ళు కారు. బుల్లయ్య తుండుగుడ్డ నెత్తినేసుకుని, చెప్పులో ముల్లు దిగి కుంటుతూ వచ్చినరోజు, జక్రయ్య ఆయనకు కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చాడు. తీరిగ్గా నడిచొచ్చారే అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. అననందుకు ఆ రాత్రి జయకుమారి తిట్టింది.

పంట తల మీద ఉంది, పాడి పడిపోతోంది. చింతగుంటపాలెం పెద్దలు కూచుని మాట్లాడుకున్నారు. తీర్మానం బుల్లయ్యే మోసుకొచ్చాడు. జక్రయ్య పెద్దబజారులో బండెక్కి రావచ్చు. కానీ డ్యూటీ మీద వచ్చినప్పుడే. ఫ్లాస్కు వెనక కనపడేట్టు కట్టుకోవాలి, చూసేవాళ్ళకు డ్యూటీ అని తెలియాలి గదా. ఎకరం పొలానికి పట్టా రాసిస్తున్నవాడిలా చెప్పి, "నీ ఒక్కడికేరా ఇది. మిగతావాళ్ళు నిన్ను చూసి ఎగబడితే మాత్రం ఈ మాట ఉండదు," అన్నాడు. ఇంత ఉదారంగా ఏ ఊళ్ళోనైనా ఉంటారేమో చూడమని కూడా అన్నాడు.

నడవమన్నప్పుడు రగిలిన కోపం జక్రయ్యకు ఈ అనుమతి ముందు ఏపాటిదీ కాదనిపించింది. ఆయన రెండురోజులు సరిగా అన్నం తినలేదు. అర్థమైనకొద్దీ ఒళ్ళు మండింది. అనుమతి ఇచ్చింది తనకు కాదు, ఫ్లాస్కుకు. ఐసులో పెట్టిన ముర్రా దున్న వీర్యానికి ఆ బజారులో దర్జాగా ఊరేగే హక్కు వచ్చింది. దాన్ని మోసుకొచ్చే మనిషికి రాలేదు. ఆ మనిషి మామకు రాలేదు, ఆ బజారు మీదుగానే రోజూ వాళ్ళ చేలకు పోయి వాళ్ళ కాయ కోసే కొండమ్మకు రాలేదు. కుక్కలు పడుకుంటాయి ఆ రోడ్డు మీద, కోళ్ళు తిరుగుతాయి, దున్నపోతులు పేడ వేస్తాయి. వాటిలో ఒక్కదాన్నైనా దిగి నడవమన్నవాడు లేడు.

ఆదివారం పొద్దున్న జక్రయ్య క్యారియరు నుంచి ఫ్లాస్కు ఊయల విప్పి ఇంట్లో పెట్టాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. జయకుమారి ఎందుకని అడగలేదు. బైబిలు సంచి ఒళ్ళో పెట్టుకుని వెనక కూచుంది.

చప్టా దాటాక ఎడమకాలు కదలబోయింది. ఆయన దాన్ని గేరు మీద నొక్కిపట్టాడు. బండి ఏటవాలు ఎక్కింది, డాబాలు దాటింది, బొడ్డురాయి దాటింది. అరుగు మీదివాళ్ళు చూస్తూనే ఉండిపోయారు. తిట్టాలన్న సంగతి వాళ్ళకు తట్టేలోగా బండి గోదాము మలుపు తిరిగింది. చర్చిలో ఆ పూట ప్రసంగం ఎవరి చెవికీ ఎక్కలేదు.

తిరిగి పోయేటప్పుడు జరిగింది అసలు సంగతి. ఎండలో నిలిపినప్పుడు కారకుండా జక్రయ్య పెట్రోలు ట్యాపు కట్టేశాడు. బయలుదేరే హడావుడిలో దాన్ని తిప్పడం మరిచాడు. గొట్టంలో, కార్బ్యురేటరులో మిగిలిన కాస్త పెట్రోలుతో బండి గోదాము దాకా బాగానే వచ్చింది. సరిగ్గా బొడ్డురాయి ఎదుటికి వచ్చేసరికి రెండుసార్లు దగ్గి చచ్చిపోయింది.

ఈసారి అరుగు మీద జనం సిద్ధంగా ఉన్నారు. బుల్లయ్య లేచి వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"ఫ్లాస్కు ఏదిరా?"

"ఇయ్యాల ఆదివారం గదండీ. ఫ్లాస్కుకి సెలవు."

"నీకిచ్చింది డ్యూటీకి. పెళ్ళాన్ని ఎక్కించుకుని ఊరేగడానిక్కాదు." బుల్లయ్య గొంతు పెంచలేదు. "దేవుడే ఆపాడు నీ బండిని. మర్యాదగా దిగి నెట్టుకుపో."

జక్రయ్య కిక్కు కొట్టాడు. అంటుకోలేదు. ఇంకోసారి కొట్టాడు. వెనక బరువుతో కాలు సరిగా ఆడక, మెల్లగా, "జయా, కాస్త దిగు. కొట్టడానికి వీలవుద్ది," అన్నాడు.

"ఇక్కడ దిగను," అంది జయకుమారి. "ఇంటి దగ్గర దిగుతా."

ఆమె మెల్లగానే అంది గానీ అరుగు దాకా వినపడింది. ఆ మాటతో జక్రయ్య కిక్కు కొట్టడం ఆపాడు. కిందికి చూశాడు, ట్యాపు అడ్డంగా ఉంది. తిప్పాడు. పెట్రోలు దిగడానికి కాసేపు పడుతుంది. ఆ కాసేపట్లో, చుట్టూ అంతమంది నిలబడి ఉండగా, ఊరుకోవడం కంటే మాట్లాడడమే తేలికనిపించింది.

"మీరిచ్చింది మీ దగ్గరే ఉంచుకోండి బుల్లయ్యగారూ. నేనడగలా. ఈ రోడ్డు సర్కారు వేసింది, మా వాళ్ళు కంకర మోశారు. దీని మీద పోవడానికి నేనెవర్నీ అడగను, రేపు మా మామ సైకిలెక్కి పోయినా అడగడు. మీ గేదెకు జబ్బు చేస్తే కబురు పెట్టండి, అర్ధరాత్రైనా వస్తా. ఎక్కే వస్తా."

బుల్లయ్య మొహం నల్లబడింది. కూలి ఆపుతామని ఎవరో వెనకనుంచి గొణిగారు. గోదాము వైపునుంచి కొండమ్మా, చర్చిలోంచి వచ్చిన ఆడవాళ్ళూ నడిచొచ్చి అక్కడే ఆగారు. ఏమీ అనలేదు, నిలబడ్డారంతే. చేలల్లో కాయ ఎర్రగా పండి ఎదురుచూస్తున్న సంగతి అరుగు మీదివాళ్ళకు ఎవరూ గుర్తుచెయ్యనక్కర్లేదు. గొణిగినవాడు మళ్ళీ గొణగలేదు.

కిక్కు కొట్టాడు. బండి పొగ చిమ్మి అంటుకుంది. బుల్లయ్య పక్కకు తప్పుకున్నాడు, దారి ఇద్దామని కాదు, పొగ కళ్ళలో పడి.

ఏటవాలు దిగి చప్టా దాటాక జయకుమారి భర్త భుజం తట్టి ఆపమంది. ఆయన బండి ఆపాడు. ఆమెకు కళ్ళు తిరిగాయేమో, నీళ్ళు కావాలేమో అనుకున్నాడు.

"వెనక్కి తిప్పండి," అంది ఆమె.

"ఏం మరిచావు?"

"మరవలా. పోయేటప్పుడూ, వచ్చేటప్పుడూ తలొంచుకునే కూచున్నా. పుట్టి పెరిగిన ఊరి బజారు తలెత్తి ఒక్కసారన్నా చూళ్ళేదు నేను."

జక్రయ్య పెట్రోలు ట్యాపు వంక ఒకసారి చూసుకుని, బండి తిప్పాడు.